శేషాచలపు ఎఱ్ఱచందనము – చీనా చోరసంఘములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ సందర్భమున మనుచరిత్రమును గూర్చి గాని, కాళహస్తీశ్వర శతకమును గూర్చి గాని నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుని కొలిచిన కవి; మన ప్రక్క ఊరివాడనియే నా భావము. ఆయనను గూర్చి మాటలాడుట నాకును ఇష్టమే. అయినను నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. గ్రామలెక్కలు వ్రాయుచు, తీరిక చిక్కినప్పుడు ఈ బీరువాలలోని పుస్తకములను తెచ్చుకొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, ఒక్కొక్క పద్యమును ముడి విప్పుకొన్నవాడను. కావ్యార్థము చెప్పగల పెద్దలు ఈ సభలోనే కలరు. లెక్క చెప్పుట నా వృత్తి. కావున ఒక లెక్క చెప్పెదను. అది మన కొండ లెక్క.

మన పూర్వకవులకు దొంగల యెడ ఒక విధమైన వాత్సల్యము కలదు. శూద్రకుని మృచ్ఛకటికములో శర్విలకుడు చారుదత్తుని ఇంటి గోడకు కన్నము వేయుచు, ఆ కన్నము ఏ ఆకారమున నుండిన శోభించునో ఆలోచించును; కొలతబద్ద మరచి వచ్చి జందెముతో కొలుచును. దండి దశకుమారచరితమున అపహారవర్మ చంపానగరములోని లోభులను దోచును. ఆ కథను పదుమూడవ శతాబ్దిలో కేతన తెనుగున వ్రాసెను. మన గ్రంథాలయమున ఆ ప్రతి యున్నది, అట్ట చిరిగినది గాని లోపల పత్రములు సరిగానే యున్నవి. ఈ దొంగలు ఇరువురును తమ కన్నము తామే త్రవ్వికొనిరి. పట్టుబడిన తామే పట్టుబడుదురు. నేను చెప్పబోవు దొంగ అట్టివాడు కాడు. వాడు మన కొండను ఎన్నడును చూడలేదు, గొడ్డలి పట్టలేదు, మన భాష యెరుగడు. సముద్రముల కావల చల్లని గదిలో కూర్చుండియున్నాడు. వాని కన్నమును మనవారు త్రవ్వుచున్నారు.

ముందు చెట్టు సంగతి. ఎఱ్ఱచందనమును మనము పుట్టినది మొదలు చూచుచున్నాము గనుక దాని విలువ మనకు తెలియదు. అది కంటికి గొప్ప అందమైన చెట్టు కాదు. మొసలి వీపు వలె పగిలిన నల్లని బెరడు, మూడేసి ఆకుల రెమ్మలు, పచ్చని పూలు. శ్రీగంధము వలె దీనికి సువాసన లేదు. మంచి నేలలో కంటె రాతినేలలో, ఎండిన వాలులలో దాని చేవ గట్టిపడును. ఆ చేవ యేర్పడుటకు దశాబ్దములు పట్టును. ముదిరిన చేవముక్కను నీటిలో వేసిన మునిగిపోవును, అంత బరువు. మన ఇండ్లలో అవ్వలు సానరాతిపై అరగదీసి వాపులకు పట్టు వేయుదురు. తిరుపతిలో దానితో బొమ్మలు చెక్కుదురు. మనకు దానితో ఉన్న పని ఇంతే. తెల్లదొరల కాలమున చెన్నపట్నము రేవు నుండి బట్టల అద్దకమునకు రంగుచెక్కగా సీమకు పోయెడిది. జపానువారు తమ శామిసెన్ అను తంత్రీవాద్యపు దండమునకు దీనిని వాడుదురు.

ప్రపంచమంతటిలో ఈ చెట్టు సహజముగా పెరుగు చోటు తూర్పు కనుమల దక్షిణపు కొన మాత్రమే. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమలలో కొంత భాగము. పాత జిల్లాల లెక్కన చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు, ప్రకాశము. భగవంతుడు ఒక సరకును ఒక్క చోటనే పెట్టెను. ఆ చోటు మన పెరడు.

ఈ సరకు చీనాదేశమున ఏల కావలసివచ్చినది? మింగ్, చింగ్ వంశముల చక్రవర్తులు దీనిని జితాన్ అను పేర మిక్కిలి ఆదరించిరి. సింహాసనములు, మంచములు, భోషాణములు, తెరలు దీనితో చేయించిరి. సామాన్యునికి అది అందని వస్తువు. తరువాత ఆ రాజ్యములు పోయెను. గడచిన నలుబది ఏండ్లలో చీనాలో కొత్త ధనవంతులు లెక్కకు మించి పుట్టిరి. కొత్త ధనవంతునికి మొదట కలుగు కోరిక యేది? పాత రాజు కూర్చున్న కుర్చీలో తానును కూర్చుండవలెనని. బెజింగు నగరమున 1999లో కేవలము ఎఱ్ఱచందనపు పనితనము కొరకే ఒక వస్తుప్రదర్శనశాల వెలసినది. దాని చిత్రములు చూచితిని. పని అద్భుతమే, ఆ శిల్పులను నేను నిందింపను. కాని ఆ నునుపైన చేవలో మన రాతినేల నాకు కనబడినది.

ఇచట ఒక మాట చెప్పకుండ ముందుకు పోలేను. చీనావారనగానే దొంగలని ఎవరును తలపవలదు. ఏడవ శతాబ్దిలో హ్యూన్‌త్సాంగ్ అను బౌద్ధభిక్షువు చీనా నుండి ఎడారులు, మంచుకొండలు దాటి వచ్చి, ఆంధ్రదేశమును, ధాన్యకటకమును దర్శించెను. దారిలో దొంగలు వానిని దోచిరి. ఆ దొంగలు మనదేశపు దొంగలే. ఆయన మరల పోవునప్పుడు తీసికొనిపోయినవి 657 గ్రంథములు. ఒక గ్రంథాలయపు ఉత్సవమున తలచుకొనదగిన సంఖ్య అది.

ఇక లెక్కకు వత్తము. 1995లో ఎఱ్ఱచందనమును అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలో చేర్చిరి. అడవిలో కొట్టిన కలపను దేశము దాటించుట మన చట్టమునకు విరుద్ధము. పట్టుబడిన దుంగలను ప్రభుత్వము ప్రత్యేకానుమతితో అమ్మవచ్చును. 2019 నుండి రైతు తన పట్టాభూమిలో పెంచినదానికి ఎగుమతి అనుమతి కలదు. తక్కినదంతయు దొంగసరకే. 2014లో రాష్ట్ర ప్రభుత్వము పట్టుబడిన దుంగలను అంతర్జాతీయ వేలమున అమ్మినప్పుడు, మేలుతరగతి కలప టన్ను కోటి రూపాయలు దాటి పలికినది. కోటి రూపాయలకు టన్ననగా కిలో పదివేలు. ఒక కూలి భుజముమీద మోసికొని వచ్చు దుంగ ఇరువదియైదు కిలోలనుకొనుడు. వాని భుజముపై రెండు లక్షల యేబదివేల రూపాయలున్నవి. రాత్రులు నడచి, పగలు బండల సందున దాగి, వెంట తెచ్చుకొన్న బియ్యమును వండుకొని తిని, ఆ దుంగను రహదారి దాక చేర్చిన వానికి ముట్టునది కొన్నివేలు. మిగిలినది ఎవరి పద్దులో జమయైనది?

గొలుసు ఇట్లుండును. కొండక్రింది గ్రామమున దారి చూపువాడొకడు. తమిళదేశమునందలి జవ్వాది కొండల నుండి కూలీలను పిలుచుకొనివచ్చు మేస్త్రీ యొకడు. దుంగలెత్తు బండి యొకటి. దానికి ముందు పోలీసువారి జాడ చూచుచు పోవు బండి మరియొకటి, దానిని పైలట్ అందురు. సరకు దాచు గిడ్డంగి. అచట నుండి చెన్నపట్నపు రేవు ఒక్క రాత్రి ప్రయాణము కూడ కాదు. రేవులో పెట్టెకు కాగితములు వ్రాయువాడు వేరు. పెట్టెలో నున్నది ఎఱ్ఱచందనము, కాగితముపై నున్నది మరియేదో సరకు. కాగితము అబద్ధమాడుట నా వృత్తిలోని వారికి క్రొత్త కాదు. ధనమును హరించు విధములు నలుబది యని కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఎన్నియే చెప్పెను. సముద్రమార్గమున దుబాయి, సింగపూరు, మలేషియా, హాంగ్‌కాంగ్ రేవుల మీదుగా పోవును. భూమార్గమున నేపాళము చేరి, తాతోపాని కనుమ దాటి టిబెట్టున ప్రవేశించును. మణిపురము సరిహద్దున మోరే మీదుగా బర్మా చేరి అటు చీనాకు పోవునది మరియొక దారి. ఒకదారి మూసిన మరియొకదారి తెరచుకొనును; ఎలుకబొరియకు ద్వారములు పెక్కు.

ఈ గొలుసులో ప్రతివాడును తన ముందువానిని, వెనుకవానిని మాత్రమే యెరుగును. మేస్త్రీని పట్టిన గిడ్డంగివాడు తెలియవచ్చును, రేవులోనివాడు తెలియడు. రేవులోనివాని పట్టిన చీనాలోని కొనుగోలుదారు తెలియడు. ఇది పొరపాటున నిట్లైనది కాదు. కావలెనని ఇట్లు కూర్చిరి. ఒక వ్యాపారి, ఒక దొంగ, ఒక ఉద్యోగి చేతులు కలిపిన వల ఇది. మన పోలీసువారికి చీనా దేశస్థులు కొందరు చిక్కకపోలేదు. ముఖ్య నిందితుడొకడు 2015లో మారిషసు ద్వీపమున దొరకినాడు. చూచితిరా, కడప కొండల కలపకు నిందితుడు హిందూమహాసముద్రపు ద్వీపమున!

ఇప్పుడు ఖర్చుపద్దు చదివెదను. ఇది నాకు చదువబుద్ధి పుట్టని పద్దు.

2013 డిసెంబరు నెలలో శేషాచలపు అడవిలో ఇద్దరు అటవీ అధికారులను దుంగలు నరకువారు చంపిరి. 2015 ఏప్రిల్ 7వ తేదీ తెల్లవారుజామున చంద్రగిరి మండలములో, శ్రీవారిమెట్టుకు సమీపమున, పోలీసు తుపాకులకు ఇరువదిమంది తమిళ కూలీలు కూలిరి. కూలీలు రాళ్లతో, గొడ్డళ్లతో తమపై బడిరని పోలీసువారు చెప్పిరి. ముందే పట్టుకొని తెచ్చి కాల్చిరని హక్కుల సంఘములవారు చెప్పిరి. జాతీయ మానవహక్కుల సంఘము విచారణ చేసినది. ఆ ఇరువదిమందిలో పెక్కురు తిరువణ్ణామలై, వేలూరు, ధర్మపురి, సేలము జిల్లాల పేదలు; కొందరు గిరిజనులు. 2018 ఫిబ్రవరిలో ఒంటిమిట్ట చెరువులో ఐదుగురు తమిళ కూలీల శవములు తేలినవి. రామాలయమున్న ఊరి చెరువే అది. 2024 ఫిబ్రవరిలో కె.వి. పల్లె మండలమున స్మగ్లర్ల కారు గుద్దివేయగా టాస్క్‌ఫోర్సు కానిస్టేబులొకరు ప్రాణము విడిచిరి.

అధికారులు, కానిస్టేబులు, కూలీలు. ఈ పద్దులో ఒక్క వ్యాపారి పేరు కలదా? దుంగను కొన్నవాడు, ఓడ కెక్కించినవాడు, కుర్చీ చేయించుకొన్నవాడు, వీరిలో ఒక్కనికి ఒక్క ముల్లు గుచ్చుకొన్నదా? జవ్వాది కొండలలో గిరిజనుడు సామలు పండించుకొనును. వానకారు తప్పిన యేడు మేస్త్రీ వచ్చి బయానా చేతిలో పెట్టును. వాడు తిరుపతి బస్సు ఎక్కును. అదే బస్సులో వేంకటేశ్వరుని మ్రొక్కు తీర్చుకొనుటకు వచ్చువారును ఉందురు.

2021లో ఈ స్మగ్లింగు కథతో ‘పుష్ప’ యను చలనచిత్రము వచ్చినది. మన కుర్రవారందరు చూచిరి, నేనును చూచితిని. ఆట బాగుగనే యున్నది, మన చిత్తూరి యాస చెవికి ఇంపుగనే యున్నది. కాని అందు దుంగలు మోసిన కూలి దొరయగును. నేను ఇన్నియేండ్లు లెక్కలు వ్రాసితిని, అట్టి పద్దు నాకు కనబడలేదు.

ఈ గొలుసును గుర్తుంచుకొనుడు. సరకు మారినను గొలుసు మారదు. ఇప్పుడు సరకు మారినది.

చీనాలో రహస్యసంఘములు నిన్న పుట్టినవి కావు. పదునెనిమిదవ శతాబ్దిలో ఫూకియన్ సీమలో భూమ్యాకాశ సంఘమను నర్థము గల పేరుతో ఒకటి పుట్టినది. దిక్కులేనివారు ఒకరికొకరు దిక్కుగా నుండుటకు ప్రమాణము చేసికొన్న సంఘమది. కాలక్రమమున అట్టివి ట్రయడ్లను పేర హాంగ్‌కాంగులో, మకావులో జూదము, వ్యభిచారము, మత్తుమందులు, బెదరింపు వసూళ్లు చేయు చోరసంఘములైనవి. చీనావారు బ్రతుకుతెరువునకై వలసపోయిన ప్రతి రేవుకును వారి వెనుక ఈ సంఘములును పోయినవి. మొదట పీడించినది ఆ వలసవచ్చిన స్వజనులనే. మకావు పోర్చుగీసువారి చేతిలో నున్న తుదిదినములలో 14కె అను సంఘమునకు నాయకుడైన వాన్ కువోక్ కోయి పదునాలుగేండ్లు చెరసాలలో నుండి 2012లో విడుదలయ్యెను. అనంతరము బర్మా సరిహద్దున ఒక జూదపు నగరమును లేవనెత్తెనన్న ఆరోపణలు వానిపై వచ్చెను; అవినీతి ఆరోపణలపై అమెరికా ప్రభుత్వము 2020 డిసెంబరులో వానిపై ఆంక్షలు విధించినది. వీరు దేశములను జయించుటకు పోరు. ప్రభుత్వపు చేయి పొడుగు లేని సరిహద్దును వెదకి, అచటి సేనానితోనో భూస్వామితోనో పొత్తు కుదుర్చుకొని, అచటివానికే జీతమిచ్చి పని చేయింతురు.

కాంబోడియాలో సిహనూక్‌విల్ యను సముద్రతీరపు పట్టణము చీనా ధనముతో జూదశాలల మయమైనది. 2019లో ఆ దేశము కంప్యూటరు జూదమును నిషేధించినది; ఆ వెంటనే కరోనా వచ్చి జూదరులు రాకుండిరి. మేడలు ఖాళీ. ఖాళీ మేడలలో క్రొత్త పరిశ్రమ వెలసినది: ఫోనులో పరిచయము చేసికొని, స్నేహమో వలపో నటించి, పెట్టుబడి పెట్టుమని నమ్మించి దోచుట. ఈ పనికి మనుష్యులు కావలెను. వారిని ఉద్యోగముల పేర రప్పించి, పాస్‌పోర్టులు లాగుకొని, గోడల నడుమ బంధించిరి. బర్మాలో కనీసము లక్షా ఇరువదివేలమంది, కాంబోడియాలో లక్షమంది ఇట్లు నిర్బంధమున నుండవచ్చునని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము అంచనా వేసినది. ఆ బందీలలో వేలకొలది చీనావారును కలరు. చీనా ప్రభుత్వమే బర్మా సరిహద్దునందలి లావ్‌కైంగు నుండి నిందితులను వేలసంఖ్యలో రప్పించుకొన్నది. ఆ పట్టణమును ఏలిన మింగ్ కుటుంబపు ముఠాలో పదునొకండుగురికి 2025 సెప్టెంబరులో చీనా న్యాయస్థానము మరణదండన విధించినది.

కాంబోడియా మనకు దూరమందురా? 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసువారు ముగ్గురు ఏజెంట్లను పట్టుకొనిరి. కంప్యూటరులో వివరములెక్కించు ఉద్యోగమని చెప్పి, డబ్బు పుచ్చుకొని, ఉత్తరాంధ్ర యువకులను కాంబోడియాకు పంపిన యేజెంట్లు వారు. అచట చీనా నిర్వాహకులకు వారిని అప్పగించిరి. తిరుగబడినవానికి తిండి లేదు, దెబ్బలు కలవు. ఆ నెలలోనే సిహనూక్‌విల్లులో భారతీయులు వందలమంది ఒక్కసారిగా తిరుగబడిరి; మన రాయబార కార్యాలయము జోక్యముతో పలువురు ఇండ్లు చేరిరి. వారిచేత చేయించిన పని యేమనగా, మన దేశమువారికే ఫోను చేసి, ఆడపేర్లతో మాటలాడి, మోసగించుట. తెలుగువానిని నమ్మించుటకు తెలుగు మాట కావలెను గదా. ఎఱ్ఱచందనపు మేస్త్రీ జవ్వాది కొండలకు పోయినట్లు, ఈ మేస్త్రీ శ్రీకాకుళమునకు పోయెను.

దానికి ముందే 2020లో, కరోనాచే పనులు లేని దినములలో, ఫోనులో అప్పు లిచ్చు యాపులు బయలుదేరినవి. ఐదువేలు అప్పిచ్చి, ఫోనులోని బంధుమిత్రుల నంబర్లన్నియు లాగికొని, గడువు దాటిన దినమున అందరికిని వీడు దొంగయని చాటింతురు. తెలంగాణమున కొందరు ఆ అవమానము భరింపలేక ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదు పోలీసులు విచారింపగా, ఆ సంస్థల వెనుక చీనా దేశస్థులు కనబడిరి. ఒకడు ఆ డిసెంబరులో ఢిల్లీ విమానాశ్రయమున దొరకినాడు. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారము కోటి నలుబది లక్షల లావాదేవీలు, ఇరువదియొక్కవేల కోట్ల రూపాయలు. అప్పు వసూలుకు ఫోనులో తిట్టినవారెవరు? నెలజీతమునకు కుదిరిన మన యువతీయువకులు. మరల అదే గొలుసు.

ఇంతవరకు పత్రికలలో చదివినది చెప్పితిని. ఇక నా బల్లమీదికి వచ్చినది చెప్పెదను.

కొన్ని నెలల క్రింద మన చుట్టుప్రక్కలవాడొక కుర్రవాడు చీకటి పడిన తరువాత నా యింటికి వచ్చెను. ఊరు చెప్పను, పేరు చెప్పను. చేతిలో బ్యాంకువారి కాగితము. ఖాతా నిలిపివేసితిమని అందున్నది. “సామీ, ఇదేందో చదివి చెప్పండి” అనినాడు. లెక్కపత్రము కూడ తెప్పించుకొని చూచితిని. ఆరు నెలల దాక అందులో పాలడబ్బు తప్ప వేరు జమ లేదు. పదిదినముల కొకసారి రెండువేలు, రెండువేల మూడువందలు. ఆపై హఠాత్తుగా మూడు దినములలో పదునేడు లక్షల చిల్లర వచ్చినది. వచ్చిన ప్రతి మొత్తమును గంట తిరుగకముందే వెళ్లిపోయినది. మూడవనాటి రాత్రి నిలువ నాలుగువందల పండ్రెండు రూపాయలు.

“ఎవరిదిరా ఈ డబ్బు?” అంటిని.

“నాది కాదు సామీ. టౌన్లో తెలిసినోడు అడిగినాడు. పాసుబుక్కు, కార్డు, సిమ్ము వానికిచ్చినా. ఐదువేలిచ్చినాడు. నేనేం దొంగతనం చేయలేదు గదా?”

నేను కోపగించుకొనలేదు. కండ్లద్దములు తుడుచుకొని, జమపద్దులను ఒక్కొక్కటిగా పైకి చదివితిని. పదునెనిమిదివేల నాలుగువందలు, ఎదుట ఒక స్త్రీ పేరు. రెండు లక్షలు, ఒక పెద్దమనిషి పేరు. తొమ్మిదివేలు. అరువదివేలు. పేర్లన్నియు ఎచటెచటివో, అరవపేర్లు, హిందీపేర్లు, మన తెలుగుపేర్లు. ఇరువదవ పేరు దగ్గర వాడు “చాలు సామీ” అనినాడు. ఆ పేర్లవారందరు అప్పటికి తాము మోసపోయితిమని తెలిసికొని ఏడ్చియుందురని వానికి ఆ క్షణమున బోధపడినది. అంతవరకు వానికి అవి అంకెలే.

ఇట్టి ఖాతాలను పోలీసువారు కంచరగాడిద ఖాతాలను అర్థమునిచ్చు పేరుతో పిలుతురు. బరువు మోయునది తెలియక మోయునని కాబోలు. మోసపోయినవాని ధనము ఇట్టి ఖాతాలలో ఒకదానినుండి మరియొకదానికి దూకుచు పోయి, చివరకు కంటికి కనబడని కంప్యూటరు నాణెములుగా మారి సముద్రము దాటును. గిడ్డంగి, పైలట్ బండి, రేవు, ఓడ అన్నియు ఇందున్నవి. గంటలోపల ప్రయాణము ముగియును. ఇరువదియైదు కిలోల దుంగ మోసిన కూలికి భుజము కాయ కాచును. ఇతనికి అదియును లేదు. పదునేడు లక్షలు మోసి ఐదువేలు పుచ్చుకొనినాడు. ఖాతాతో పాటు పాలడబ్బు కూడ నిలిచిపోయినది. పట్టుబడిన పేరు ఎవరిది? ఇతనిదే. టౌనులో తెలిసినవాని ఫోను ఆనాటి నుండి మ్రోగుట లేదు.

మరునాడు ఇతనిని వెంటబెట్టుకొని ఠాణాకు పోతిని. తెలిసినదంతయు వ్రాసి యిచ్చినాడు. విచారణ సాగుచున్నది. ఇతనికి శిక్ష పడునో, సాక్షిగా మిగులునో నేను చెప్పజాలను. ఇతని తల్లి ఇప్పుడు పాలడబ్బు చేతికి తీసికొనుచున్నది. బ్యాంకు పేరెత్తిన ఉలికిపడుచున్నది. మన గ్రంథాలయపు పద్దు తిరగవేసి చూచితిని. ఇతడు తొమ్మిదవ తరగతిలో నుండగా పరమానందయ్య శిష్యుల కథ తీసికొనినాడు, గడువులోపల తిరిగి యిచ్చినాడు. ఆ తరువాత ఇతని పేరు లేదు.

కొండ క్రింద మన గ్రామములలో పైలట్ బండి తోలి కేసులలో నున్న కుర్రవారెవరో మనకందరికిని తెలియును. మనము చెప్పుకొనము. వారి యింట పెండ్లికి పోయి భోజనము చేసి వత్తుము. కొత్తమేడ లేచిన ఈ డబ్బు ఎచటిదని మనము అడుగము. అడిగిన వానిని ఓర్వలేనివాడందురు. నేనును అడుగలేదు. ఒక యేడు ఒక ఆసామి భూమి కొనుగోలు కాగితములు నాచేత వ్రాయించుకొనినాడు. అంత ధనము ఆ యింట ఎట్లు పుట్టినదో నా మనస్సు అడిగినది, నా నోరు అడుగలేదు. ఆ వ్రాతకూలి నేను పుచ్చుకొంటిని. ఈ సభలో ఆ పద్దును దాచుట తగదని చెప్పుచున్నాను.

పాలకవర్గమువారి అనుమతితో ఒక ఏర్పాటు చేసితిమి. వచ్చు వారము మొదలుకొని ప్రతి ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు ఈ పఠనమందిరమున కిటికీ ప్రక్కనున్న బల్ల దగ్గర నేను కూర్చుందును. విదేశమున ఉద్యోగమని ఎవరైన పంపిన కాగితము, ఫోనులో వచ్చిన అప్పు సంగతి, అర్థము కాని బ్యాంకు లెక్క, ఏది యైనను తెచ్చి చూపవచ్చును. ఎవరి సంగతియు బయట పెట్టను. డబ్బు పోయినచో ఆదివారము దాక ఆగవలదు. తక్షణమే 1930 నంబరుకు ఫోను చేయుడు, తొలి గంటలలో చెప్పిన సొమ్ము దారిలోనే ఆగుట కద్దు. ఆ నంబరును మన చిత్రకారునిచేత ద్వారము పైన పెద్ద అక్షరములతో వ్రాయించుచున్నాము. రంగు ఖర్చు నూటయెనుబది రూపాయలు, రశీదు కార్యదర్శిగారి వద్ద కలదు.